చిన్నదాన్ని అడక్కండి, పెట్టండి

మహానుభావా, నేను డ్యూటీకి వెళ్తున్నాను. అన్నం కుక్కర్‌లో ఉంది. క్యారెట్, బఠానీ ఉడికించి మూతపెట్టాను. బాణలిలో రెండు గుడ్లు కొట్టి, వేగాక అన్నీ కలిపేయండి. పది నిమిషాల పని. కారం వేయకండి. పెద్దాడు తనే తింటాడు. చిన్నదానికి మీరే ముద్దలు చేసి పెట్టాలి.

నిన్న రాత్రి "తిన్నావా తల్లీ?" అని అడిగి పడుకోబెట్టేశారు. ఏమడిగినా అది తలూపుతుందని ఇదే ఇంట్లో ఉంటున్న మీకు తెలియదా? పొద్దున నేను గుమ్మంలో అడుగుపెట్టగానే "ఆకలమ్మా" అని ఏడ్చింది. మీరేమో "తిన్నానని తలూపిందిగా!" అని నెపం దాని మీదే వేశారు. మూడేళ్ల పిల్ల మీద!

ఇంకో మాట. ఇవాళ తిన్నదని నాకు ఫోన్ చేయకండి. దాని కంచం కడక్కుండా ఉంచండి. పొద్దున వచ్చి నేనే చూసుకుంటాను.