గంజి బరువు

14 జూన్ 2021

అరవై ఒకటి.

రోజూ రాయమంది డాక్టర్ బెన్. ఇక్కడ సూరత్‌లో ఆడవాళ్లను బెన్ అంటారు, అక్క అన్నట్టు. పొద్దున లేచి ఒంటికి పోయి వచ్చాక, నోట్లో ఏమీ వేసుకోకముందు కాంటా ఎక్కాలి. తారీకు రాయాలి, కిలోలు రాయాలి. ఆయాసం ఎలా ఉందో కూడా రాయమంది. నేను మూడో తరగతి దాకా చదివినవాణ్ణి. ఊరవతల సచిన్‌లో బట్టల కార్ఖానాలో ఏ సాంచా మీద, అంటే ఏ మరమగ్గం మీద, ఎన్ని మీటర్ల బట్ట దిగిందో రాసేవాణ్ణి. నలభై ఏళ్లు అదొక్కటే రాత. ఇప్పుడు నా గురించి నేను రాసుకోవాలంట.

ఏప్రిల్‌లో కరోనా పట్టింది. ఇరవై రెండు రోజులు ఆస్పత్రి, ముక్కుకు ఆక్సిజన్. లోపలికి పోయినప్పుడు ఎనభై నాలుగు కిలోలు. బయటికి వచ్చినప్పుడు యాభై తొమ్మిది. పక్క మంచాల వాళ్లు కొందరు బయటికే రాలేదు. దాని గురించి రాయను.

15 జూన్

61.

కార్ఖానా సేఠ్ ఫోన్ చేశాడు. లూమ్ మాస్టర్ నౌకరీ దీపావళి దాకా నీకోసమే ఉంచుతా రాజమల్లూ, తర్వాత నా చేతిలో లేదు అన్నాడు. డాక్టర్ దగ్గర ఫిట్ అని కాగితం తెమ్మన్నాడు. డాక్టర్ బెన్‌ను అడిగాను. బరువు సరిగ్గా రావాలి, రెండు అంతస్తులు ఆగకుండా ఎక్కాలి, ఆ రోజే రాసిస్తా కాకా అంది. గుజరాతీలో కూడా కాకా అంటే మన కాకానే, చిన్నాయనే. అందుకే ఆమె తిట్టినా సొంత మనిషి తిట్టినట్టు ఉంటుంది.

సరిగ్గా అంటే ఎంత? అక్కడే మొదలైంది పంచాయితీ.

ఎనభై నాలుగు అన్నాను నేను. ఎప్పుడూ ఉన్నదే కదా. అది నీ బరువు కాదు, నీ పొట్ట బరువు అంది డాక్టర్ బెన్. మనిషి వేరు, పొట్ట వేరు అని చెప్పే చదువు ఏం చదువో.

ఇంటికొచ్చి ఎల్లవ్వను అడిగాను. కిలోల సంగతి నాకు తెల్వది, చెంపలు నిండాలె, గల్లీల తిరిగితే పీనుగు లేచొచ్చిందని పిల్లలు జడుసుకోవద్దు అంది. పెళ్లై నలభై నాలుగేళ్లు. ఇంకా అదే నోరు.

మనవరాలు అనురాధ ఇక్కడే సూరత్‌లో పుట్టింది, ఇక్కడే కాలేజీ. తాతా, హైట్ బోలో, యాప్‌ల ఏస్త అంది. ఆరడుగుల రెండంగుళాలు అన్నాను. కిలోలను ఎత్తు మీటర్లతో రెండుసార్లు భాగించి చూస్తారంట. నాకు నవ్వొచ్చింది. ఇది జీఎస్‌ఎమ్! చదరపు మీటరు బట్టకు ఎన్ని గ్రాములు అని మేం రోజూ చూసేదే. మనిషికి బీఎంఐ అని పేరు మార్చి పెట్టుకున్నారు. ఎనభై ఉంటే భేష్ అని వచ్చింది ఫోన్లో. ఎనభై ఖాయం అన్నాను.

17 జూన్

61. ఆయాసం ఉంది.

సోమలింగం వచ్చాడు. నా బామ్మర్ది, ఎల్లవ్వ తమ్ముడు. సూరత్‌లోనే ఉన్ అనే బస్తీలో ఉంటాడు, వాడూ సాంచాల మీద బతికినవాడే. ఎనభై సంగతి చెప్పాను. ఆరడుగుల రెండంగుళాలు ఎప్పటి కొలత బావా, మా అక్క పెండ్లప్పటిదా అన్నాడు. అవును, మరి ఎత్తు ఎక్కడికి పోతుంది అన్నాను. టేపు తెచ్చాడు. గోడకు నిలబెట్టి, నెత్తి మీద అనురాధ పుస్తకం పెట్టి, పెన్సిల్‌తో గీత గీశాడు.

నూట ఎనభై రెండు సెంటీమీటర్లు. ఆరడుగులు కూడా లేను.

మళ్లీ కొలవమన్నాను. మళ్లీ అదే. మూడోసారి కొంచెం మడమలు లేపాను. కింద పెట్టు, చూసిన అంది ఎల్లవ్వ. సోమలింగం నేల మీద కూర్చుని మరీ నవ్వాడు. బావా, నువ్వు కాటన్‌వి, ఉతికితే ఆరు సెంటీమీటర్లు గుంజుకున్నవ్, నీ థాన్ రిజెక్ట్ అన్నాడు. ఛాయ్ తాగకుండా పో అన్నాను. తాగే పోయాడు.

నలభై ఏళ్లు నూలు చుట్టిన బీముల మీద వంగాను. ఆ ఆరు సెంటీమీటర్లు కార్ఖానా ఉంచుకుంది.

18 జూన్

61. డాక్టర్ బెన్ డెబ్బై రెండు అంది. సరే అన్నాను. నచ్చి కాదు. దీపావళి లోపల అయ్యేది అదొక్కటే.

30 జూన్

62. పన్నెండు రోజులకు ఒక్క కిలో.

గుడ్లు, పప్పు, పాలు అని కాగితం మీద రాసిచ్చింది డాక్టర్ బెన్. తినబోతే గొంతు దగ్గరే ఆగుతోంది. కరోనా పోతూ నాలుక కూడా పట్టుకుపోయింది. గంజి ఒక్కటే దిగుతోంది. ఎల్లవ్వ చిక్కగా వార్చి లోటాలో పోస్తుంది. ఉప్పు గట్టిగా వేసుకుంటాను, మామిడి తొక్కు నంజుకుంటాను. అప్పుడు కొంచెం రుచి తెలుస్తుంది.

19 జూలై

65!

వానలు. ఖాడీ వాగు నిండింది, మేముండే డిండోలిలో సగం గల్లీలు బురద. రోజుకు నాలుగు లోటాల గంజి. డాక్టర్ దగ్గరికి పోవాల్సిన తారీకు దాటింది. వాన అని ఇంట్లో చెప్పాను. నిజం ఏమిటంటే డెబ్బై రెండుతోనే ఆమె ముందు నిలబడాలని ఉంది.

2 ఆగస్టు

68. చెప్పులు బిగుతు అయ్యాయి. కాళ్లకు గూడ కండ వచ్చింది సూడు అని ఎల్లవ్వ మురిసిపోయింది.

9 ఆగస్టు

71.

వారంలో మూడు కిలోలు. ఆన్‌లైన్‌లో కొన్న ఈ గాజు మెషీన్‌ను నేను నమ్మను. సందు చివర నూలు గోదాం ఉంది, అక్కడి ఇనుప కాంటా ఎక్కాను. అక్కడా డెబ్బై ఒకటే. గోదాం వాడు చీటీ పుస్తకం తీసి, కాకా, కౌన్సీ పార్టీ కో భేజూఁ అని అడిగాడు, నేనూ ఒక నూలు మూటనైనట్టు, ఏ షావుకారికి పంపాలి అని. చాలా రోజులకు గట్టిగా నవ్వాను. నవ్వితే దగ్గు వచ్చింది.

ఆయాసం: ఉంది. పడుకుంటే ఎక్కువ. రెండు దిండ్లు పెట్టుకుంటున్నాను. రాయమంది కాబట్టి రాశాను.

12 ఆగస్టు, పొద్దున 7

డెబ్బై రెండు.

12 ఆగస్టు, సాయంత్రం

సచిన్ పోయాను. ఎవరికీ చెప్పలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను, మాస్కు పెట్టుకున్నాను, బస్సు ఎక్కాను. కాగితం తర్వాత, ముందు మనిషిని చూడనీ అనుకున్నాను.

సేఠ్ ఆఫీసు రెండో అంతస్తు. మూడుసార్లు ఆగాను. ఆగినప్పుడల్లా గోడ మీది సేఫ్టీ బోర్డు చదువుతున్నట్టు నిలబడ్డాను. నన్ను చూసి సేఠ్ కుర్చీ లోంచి లేచాడు. అరే, లంబూ వాపస్ ఆ గయా అన్నాడు. కార్ఖానాలో నా పేరు లంబూనే, పొడుగోడు అని. బరువు వచ్చింది, కాగితం కూడా వస్తుంది అన్నాను.

అప్పుడే లక్ష్మీరాజం పైకి వచ్చాడు. మా జిల్లావాడే, నేను లేనన్నాళ్లూ మాస్టర్ పని వాడే చూస్తున్నాడు. నన్ను పెద్దబాపు అంటాడు. చేతిలో బట్ట ముక్క. ఇది జర సూడు పెద్దబాపు, కాంటా మీద బరువు సరిగ్గ ఉంది, కొన్నోళ్లేమో పల్చగ ఉందని వాపస్ ఇచ్చిండ్రు అన్నాడు. నాకు కాంటా ఎందుకు. అంచు పట్టుకుని రెండు అరచేతుల మధ్య రుద్దాను. తెల్లటి పొడి రాలింది. గంజిరా ఇది, నూలుకు గంజి ఎక్కువ పట్టించారు, ఒక్కసారి ఉతికితే ఈ బరువు మోరీలో పోతుంది అన్నాను. సేఠ్ చప్పట్లు కొట్టాడు. ఈ చెయ్యి కోసమే నౌకరీ ఆపి పెట్టిన అని లక్ష్మీరాజంతో అన్నాడు. ఆ మాటకు నేను నిజంగానే ఆరడుగుల రెండంగుళాలు అయ్యాను.

దిగేటప్పుడు ఊపిరి అందలేదు. ఎక్కేటప్పుడు అంటే సరే, దిగేటప్పుడు కూడానా? కింద ఖాళీ బీము ఉంటే దాని మీద కూలబడ్డాను. చెప్పులు బిగుసుకున్నాయి, విప్పాను. పట్టీ ఉన్న చోట పాదం మీద కాలువలా గుంట. అది ఎంతకీ పోలేదు. అప్పుడు బొటనవేలితో కాలి ఎముక మీద నొక్కాను. వేలు లోపలికి పోయింది. వేలు తీశాను. గుంట అలాగే ఉంది. పిసికిన పిండిలో ఉన్నట్టు.

చెయ్యికి తెలిసిపోయింది. నాకంటే ముందే తెలిసింది.

గంజి. నూలుకు పట్టించేదీ ఆ మాటే, నేను లోటాలో తాగేదీ ఆ మాటే. నలభై ఏళ్లు ఊరందరి బట్టలో పట్టుకున్నాను. పది కిలోల గంజి బరువు నా కాళ్లలో వేలాడుతుంటే పట్టుకోలేదు. పైగా రోజూ పుస్తకంలో రాసుకుని సంబరపడ్డాను.

లక్ష్మీరాజం బండి మీద డాక్టర్ దగ్గర దింపాడు. మంచివాడు.

13 ఆగస్టు

నిన్న డాక్టర్ బెన్ తిట్టింది రాస్తే పుస్తకం చాలదు. ఒంట్లో చేరింది కండ కాదు, నీళ్లు. కరోనా దెబ్బకు గుండె అలిసిపోయిందంట, నీళ్లను నెట్టలేకపోతోంది. నేను వేసుకున్న ఉప్పు ఆ నీళ్లను పట్టి ఉంచింది. గంజి తప్పు కాదు, దాంట్లో ఉప్పు, పక్కన తొక్కు, రోజుకు నాలుగుసార్లు. అది తప్పు.

లక్ష్మీరాజం ఫోన్ చేస్తే ఎల్లవ్వ ఈ పుస్తకం పట్టుకుని వచ్చింది, డాక్టర్ బెన్ అడిగి తీసుకుంది. ఆమెకు తెలుగు రాదు, అంకెలు వచ్చు. అరవై ఎనిమిది మీద ఒక వేలు, డెబ్బై ఒకటి మీద ఒక వేలు పెట్టింది. ఈ రెండింటి మధ్య నువ్వు నా దగ్గరికి పరిగెత్తుకుని రావాల్సింది కాకా, నువ్వు పండగ చేసుకున్నావు అంది. ఇంకో పది రోజులు అయితే అని మొదలుపెట్టి ఆపేసింది.

ఎల్లవ్వ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. నేనే పోసిన, ఈ చేతులతోనే పోసిన అంటోంది, ఎవరూ అడగకపోయినా. ఉప్పు వేసుకున్నది నేను, తొక్కు డబ్బా దగ్గర పెట్టుకున్నది నేను, నీ మీద ఎందుకు వేసుకుంటావు అని అరిచాను. అరిస్తే మళ్లీ ఆయాసం. డాక్టర్ బెన్ ఇద్దరినీ నోరు మూసుకోమంది.

15 ఆగస్టు

69. నీళ్లు పోవడానికి గోళీలు. బయట మైకులో జెండా పాటలు. నేను బాత్రూమ్‌లో.

21 ఆగస్టు

64. ముఖం లోపలికి పోయింది. కాళ్లు కాళ్లలా ఉన్నాయి. ఒక్క దిండు మీద పడుకున్నాను.

24 ఆగస్టు

64. డ్రై వెయిట్ అంటారంట దీన్ని. నీళ్లు తీసేస్తే మిగిలేది. ఇదీ నువ్వు అంది డాక్టర్ బెన్. ఇక్కడి నుంచి నెలకు ఒక కిలో పెరిగితే చాలు. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే మాత్రం అన్నం ముందు నుంచి లేచి రావాలి.

మరి నా ఎత్తుకు ఎంత ఉండాలి, ఆఖరి మాట చెప్పు అన్నాను. గోడ మీద చార్ట్ చూపించింది. అరవై రెండు నుంచి డెబ్బై ఆరు దాకా ఏదైనా మంచిదేనంట. మరి ఆ రోజు డెబ్బై రెండు ఎందుకన్నావు అని అడిగాను. నువ్వు ఎనభై నాలుగు అన్నావు కాకా, నేను బేరం ఆడాను అంది.

ఈ వయసులో నాతో కూరగాయల బేరం ఆడింది.

అయితే అరవై ఎనిమిది రాసుకో అన్నాను. రాసుకుంది. ఈసారి బేరం లేదు. దీపావళికి అది రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

9 అక్టోబర్

66. రెండు అంతస్తులు ఎక్కాను. ఒక్కసారి ఆగాను. డాక్టర్ బెన్ చూడలేదు, నేనే చెప్పాను.

కాగితం ఇచ్చింది. ఫిట్ అని ఉంది. కింద ఇంకో లైను ఉంది, అనురాధ చదివింది. కూర్చుని చేసే పని మాత్రమే. నిలబడే డ్యూటీ వద్దు, బరువు లేపొద్దు.

సేఠ్‌కు ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మాస్టర్ అన్నవాడు పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడాలి కదా రాజమల్లూ అన్నాడు. నిజమే. నిలబడే మాస్టర్‌ను నేను. కూర్చున్నవాణ్ణి చూస్తే తిట్టేవాణ్ణి. మాస్టర్ పని లక్ష్మీరాజానికి ఇస్తాడంట. నాకు చెకింగ్ టేబుల్. బట్ట మీద మచ్చలు, తెగిన పోగులు చూసే చోటు. అక్కడంతా ఆడవాళ్లు, స్టూళ్ల మీద.

ఫోన్ పెట్టేశాను.

10 అక్టోబర్

66. సోమలింగం వచ్చాడు. ఒక్క జోకు కూడా వెయ్యలేదు. అది అన్నిటికంటే ఎక్కువ కష్టమైంది.

11 అక్టోబర్

66. లక్ష్మీరాజం వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నువ్వు వద్దంటె నేను చెయ్య పెద్దబాపు అన్నాడు. లోపలికి రమ్మన్నాను. పద్నాలుగో నంబర్ సాంచా ఎడమ వైపు శబ్దం మారితే ముందు బెల్ట్ చూడు, మోటార్ విప్పకు అని చెప్పాను. ఇంకో ఆరేడు సంగతులు చెప్పాను. వాడు ఫోన్లో రాసుకున్నాడు.

వాడు పోయాక ఎల్లవ్వ అంది. ఇంట్ల కూసుంటె ఇజ్జత్, ఆడ కూసుంటె బేఇజ్జతా?

ఇస్త్రీ చొక్కా ఎక్కడ పెట్టావు అని అడిగాను.

18 అక్టోబర్, సచిన్

స్టూలు పొట్టిది. మోకాళ్లు గదవ దాకా వస్తున్నాయి. కూర్చున్నాను.