కోరపన్ను రంగు

మార్చి 3, మంగళవారం, సాయంత్రం 5.40

తన్నాను.

ముందే రాసేస్తున్నాను, లేకపోతే అసలు రాయను. కోపం వచ్చిన రోజునల్లా రాసుకోమని కంపెనీ డాక్టరు ఈ పుస్తకం ఇచ్చి ఏడాది కావస్తోంది. ఇన్నాళ్లూ ఇందులో గ్రీజు మరకలు తప్ప ఏమీ లేవు. అందుకు కొంచెం గర్వపడేవాణ్ని కూడా.

పొద్దున్నుంచీ ఏడో అంతస్తులో ఇరుక్కున్న లిఫ్టుతో కుస్తీ పట్టాను. మేనేజరు అందరి ముందూ చేతకానివాడివన్నాడు. అక్కడ నోరు మూసుకున్నాను. ఇంటికొచ్చి తలుపు తీశానో లేదో మా కుక్క బఠాణీ కాళ్లకు అడ్డం పడింది. అది రోజూ పడుతుంది, నేను రోజూ నవ్వుతాను. ఇవాళ కాలు లేచింది. కాలికి ఇంకా సేఫ్టీ షూ ఉంది, ముందు ఇనుప రేకున్నది. మూతికి తగిలి టక్కుమంది. అత్త మీద కోపం దుత్త మీద అంటే ఇదే.

కుక్క మంచం కిందికి దూరింది. నేల మీద రెండు రక్తం చుక్కలు. తుడిచేశాను. మా ఆవిడా, అమ్మాయీ ఆరున్నరకు గానీ రారు. ఎవరూ చూడలేదు.

అదే రోజు, 6.10

మంచం కింద నుంచి వచ్చి నా చెయ్యి నాకింది. కరిచినా బాగుండేది.

మార్చి 4

మామూలుగానే తింటోంది. బతికిపోయాను.

ఎందుకింత భయమో ఇక్కడైనా ఒప్పుకోవాలి. ఏడాది కింద ఇలాగే ఒక రోజు అన్నం పళ్లెం గోడకేసి కొట్టాను. పింగాణీ ముక్క ఒకటి అమ్మాయి చెవి పక్క నుంచి దూసుకుపోయింది. దానికప్పుడు ఎనిమిదేళ్లు. నలభై రోజులు నాతో మాట్లాడలేదు. మళ్లీ ఇలాంటిది జరిగితే పిల్లను తీసుకుని అన్నయ్య ఇంటికి వెళ్లిపోతానని మా ఆవిడ చెప్పింది. అరవలేదు. కూరగాయలు తరుగుతూ చెప్పింది. ఆవిడ అరిస్తే ఫరవాలేదు, నెమ్మదిగా చెప్పిందంటే చేసి తీరుతుంది. నేను మాటిచ్చాకే కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నాం. మా నాన్నకు కోపం పోయిందని అమ్మాయి క్లాసులో అందరికీ చెప్పుకుందట, జ్వరం పోయిందన్నట్టు.

మార్చి 7, శనివారం

అమ్మాయి కనిపెట్టేసింది. బఠాణీ ఆవలించినప్పుడు చూసిందట, కింది కోరపన్ను ఒకటి గులాబీ రంగులో ఉందట. పట్టుకొచ్చి పెదవి తీసి చూపించింది. నిజమే. పక్క పళ్లన్నీ తెల్లగా ఉన్నాయి, అదొక్కటే అలా ఉంది.

ఏదో కొరికి ఉంటుందిలే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అంతటితో ఆగితే అది నా కూతురెందుకవుతుంది? స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారట, రోజూ మారే వస్తువు ఏదైనా ఒకటి తేదీలు వేసి బొమ్మ గీయాలట. మిగతా పిల్లలు మొలకెత్తే గింజలు గీస్తున్నారు. ఇది పన్ను గీస్తుందట, వాటర్ కలర్స్‌తో.

మార్చి 8, ఆదివారం

కుక్కల డాక్టరమ్మకు ఫోన్ చెయ్యమంది మా ఆవిడ. బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి చేశాను. పళ్లన్నీ పసుపుపచ్చగా అయ్యాయండీ, చిగుళ్ల దగ్గర గోధుమ రంగు కనిపిస్తోంది అని చెప్పాను. ఒక్క ముక్క నిజం లేదు. అయితే అది గార, కుక్కల కోసం అమ్మే పేస్టుతో రోజూ తోమండి, మనుషులది మాత్రం వాడకండి, అందులో కొన్ని వాటికి విషం అంది. పెట్టేసే ముందు, రంగు మారింది ఒక్క పన్నేనా, అన్నీనా అని అడిగింది. అన్నీ అన్నాను. ఎందుకడిగారని అడిగే ధైర్యం లేకపోయింది.

లోపలికొచ్చి, గారేనట అని చెప్పాను. మా ఆవిడ హమ్మయ్య అంది. నేనూ అన్నాను.

మార్చి 9

తోమాను. పోలేదు.

మార్చి 10

తోమాను. తుప్పు పైన పడితే గీకితే పోతుంది, ఇరవయ్యేళ్లుగా నా పని అదే. ఇది పైనున్నది కాదు.

మార్చి 12

ఊదా రంగు. అమ్మాయి గులాబీలో నీలం కలుపుతూ, సరిగ్గా ఇదే కదా నాన్నా అని అడిగింది. ఇదే అన్నాను. ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో ఆరు పళ్లు వరసగా ఉన్నాయి, ప్రతి దాని కిందా తేదీ. వంటింట్లోకి వెళ్లడం తగ్గించాను. నీళ్లు కూడా బాత్‌రూమ్ కుళాయి దగ్గరే తాగుతున్నాను. నవ్వొచ్చే సంగతే. రావడం లేదు.

మార్చి 14, శనివారం

దొంగ దొరికాడట.

అమ్మాయి క్లాసులో ఒక పిల్లకు ఊయల చెక్క తగిలి పన్ను ఇలాగే రంగు మారిందట. కాబట్టి ఇది గార కాదు, ఎవరో కొట్టారు అని తేల్చింది. కొట్టింది గుర్రు తాతయ్య అని కూడా తేల్చింది. కింది వాటాలో ఒక్కరే ఉండే రిటైరయిన మాస్టారు ఆయన. ప్రతిదానికీ గుర్రుమంటాడని ఆ పేరు పెట్టిందీ మా పిల్లే. బఠాణీ మొరిగితే ఆయన చేతికర్రతో మెట్ల రెయిలింగు మీద టంగుటంగుమని కొడతాడు. ఆ కర్రే దీనికీ తగిలి ఉంటుందట. నువ్వేమంటావు నాన్నా అంది.

ఏమీ అనలేదు. కాదని కూడా అనలేదు.

మార్చి 15, ఆదివారం

మా ఆవిడ కిందికి వెళ్లి అడిగేసింది. మెట్ల మలుపులో నిలబడి విన్నాను. ఆయన గుర్రుమంటాడనుకున్నాను. అనలేదు. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పి పిల్లల మీదే చెయ్యి చేసుకోలేదమ్మా, నోరులేని దాన్ని కొడతానా అన్నాడు.

సాయంత్రం గేటు దగ్గర నాకు ఎదురయ్యాడు. మీరైనా చెప్పండి బాబూ, నేనలాంటి వాణ్ని కాదని, అన్నాడు. చూద్దాం లెండి అన్నాను. చూద్దాం లెండి! గుమ్మడికాయల దొంగ నాకంటే నయం, వాడు భుజాలైనా తడుముకుంటాడు.

మార్చి 17

బూడిద రంగు. ఒక పక్కనే నములుతోంది. తోక మాత్రం ఊపుతూనే ఉంది. శుక్రవారం పదిన్నరకు అపాయింట్‌మెంట్ తీసుకుంది మా ఆవిడ. సెలవు పెట్టి నేనూ వస్తానన్నాను. నేను లేనప్పుడు డాక్టరమ్మ ఏం చెబుతుందోనని. మా ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, నువ్వు చాలా మారావు అంది.

మార్చి 19

దవడ కింద బటన్ అంత వాపు. షూ మూడుసార్లు కడిగాను. అందులో కడగడానికేమీ లేదు.

మార్చి 20, శుక్రవారం, 10.15, క్లినిక్

ముందు ఒక పిల్లి ఉంది. దాని తర్వాత మేమే. బఠాణీ నా షూ మీద తల పెట్టుకుని పడుకుంది.

అదే రోజు, మధ్యాహ్నం 1.00

జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరమ్మ పెదవి ఎత్తి లైటు వేసింది. వెనక పళ్లకు కాస్త గార ఉంది, అది మామూలే, కానీ ఇది గార కాదు అంది. గట్టి దెబ్బ తగిలితే పన్ను లోపలే రక్తం కారుతుందట. ముందు గులాబీ, తర్వాత ఊదా, తర్వాత బూడిద. ఈ పన్ను చచ్చిపోయిందట, వేరు దగ్గర చీము పడుతోందట. ఇన్నాళ్లూ నొప్పి పడే ఉంటుంది, కుక్కలు బయటికి చెప్పవు, తింటూ తిరుగుతూ భరిస్తాయి అంది. అమ్మాయి తన కాగితం టేబుల్ మీద పరిచింది. డాక్టరమ్మ దాన్ని చాలాసేపు చూసి, పెద్దవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా రాసి తీసుకురారమ్మా అని మెచ్చుకుంది.

తర్వాత నన్ను చూసి అడిగింది. ఏదైనా గట్టిది కొరికిందా, దెబ్బా? దెబ్బయితే దవడ ఎముక బీటవారి ఉండొచ్చు. సన్నటి బీట ఎక్స్‌రేలో ఒక్కోసారి దొరకదు, ఎటు నుంచి తగిలిందో తెలిస్తే అక్కడే వెతుకుతాను. తెలియకుండా మత్తిచ్చి పన్ను లాగితే దవడ విరిగే ప్రమాదముంది, అంది.

గుర్రు తాతయ్య కర్రతో కొట్టాడు, పై నుంచి, అని అమ్మాయి చెయ్యి పైకెత్తి చూపించింది. డాక్టరమ్మ పై నుంచి అని రాసుకోబోయింది. మా ఆవిడ తలూపుతోంది. పెన్ను కాగితం మీద ఆనింది.

కింది నుంచి, అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు. కింది నుంచి తగిలింది, మూడో తారీకు సాయంత్రం, ఈ షూతోనే అన్నాను. కాలు ముందుకు పెట్టి చూపించాను కూడా. ఎవరికి చూపిద్దామనో తెలియదు. ఏ కాలు అని డాక్టరమ్మ అడిగింది. కుడికాలు అన్నాను. రాసుకుంది. ఆవిడ ఒక్కతే నా మొహం చూడకుండా పని చేసుకుంది, దండం పెట్టాలనిపించింది. మా ఆవిడ బఠాణీ గొలుసు నా చేతిలోంచి తీసేసుకుంది. అమ్మాయి ఏడవలేదు. టేబుల్ మీద కాగితాన్ని రెండు మడతలు, మళ్లీ రెండు మడతలు పెట్టి బ్యాగులో దాచుకుంది.

బీట ఉంది. నేను చెప్పిన చోటే.

మార్చి 21

పన్ను తీసేశారు. దవడ నిలిచింది.

కిందికి వెళ్లి మాస్టారికి చెప్పాను. తలుపు సగమే తెరిచి విన్నాడు. పిల్లకు చెప్పావా అని అడిగాడు. చెప్పానన్నాను. తలుపు వేసేసుకున్నాడు.

మార్చి 22

మా ఆవిడ బ్యాగు సర్ది తలుపు పక్కన పెట్టింది. పది రోజులు కుక్కను ఎక్కడికీ కదపొద్దన్నారు కాబట్టి ఆగుతున్నాం, నీకోసం కాదు, అంది. నెమ్మదిగానే చెప్పింది.

మార్చి 29

అటక మీది డబ్బా కోసం చెయ్యెత్తాను. బఠాణీ తోక ఊపింది. అమ్మాయి పరిగెత్తుకొచ్చి దాని మూతిని రెండు చేతులతో కప్పేసింది.