మీ బాపు భుజం మీది పులి

గౌరవనీయులైన మహేందరన్నకు,

ఈ ఉత్తరం వల్ల మీ కళ్లకు కలగబోయే శ్రమకు, నా చేతిరాతకు, వీలైతే గచ్చిబౌలి ట్రాఫిక్‌కు కూడా సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను.

మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ డ్యూటీలో ఉండగా మీరు మీ నాన్నగారి పాత మిలిటరీ ఫోటో ఒకటి ఇచ్చారు. "తమ్మీ, మా బాపు భుజం మీది బిల్ల ఏ పటాలందో జర చూడరాదు? అమ్మ పోయేలోపు తెలుసుకుంటదట" అన్నారు. ఆ బిళ్ల ఉత్త తెల్లటి మరక. ఫోన్‌లో యాప్‌కు ఇస్తే ఫోటో శుభ్రం చేసి, మరక ఉన్నచోట తనంతట తానే పులిబొమ్మ గీసింది. పులిని చూసి నేనొక పటాలం పేరు చెప్పేశాను. సాఫ్ట్‌వేర్ పండితుణ్ని కదా!

ఆ పులి ఫోటోకే మీరు ఫ్రేము కట్టించి పంద్రాగస్టుకు మా ఆఫీసులో పెట్టారు. అతిథిగా వచ్చిన రిటైర్డ్ కర్నల్‌గారు, "ఇలాంటి బిళ్ల ఏ పటాలానికీ లేదు. ఎవరిదీ దొంగ వేషం?" అన్నారు. అందరూ నవ్వారు. మీ అమ్మగారు ముందు వరుసలోనే ఉన్నారు. మర్నాటి నుంచి మీరు డ్యూటీకి రాలేదు.

అసలు ఫోటో ఈ కవర్లో పెట్టాను. ఇందులో పులి లేదని అమ్మగారికి చూపించండి.

"ఈ పులిని ఎవరు అతికించారు?" అని కర్నల్‌గారు అడిగినప్పుడు వేలెత్తి మిమ్మల్ని చూపించింది నేనే.