అతుకు నిలువని పన్ను

బాపూ,

నువ్వు పోయి ఏడాదైంది. ఇయ్యాల పొద్దుగాల బచ్చన్నపేటకెల్లి ఒక అవ్వ నా పండ్ల దవాఖానకొచ్చింది. ఆమె విరిగిన ముందుపన్నుకు అతుకు పెడుతుంటె బయట పటాకులు కాలినయ్. రాష్ట్రం ఖాయమైందని జులూస్ వచ్చింది.

నువ్వే యాదికొచ్చినవ్. రైలు రోకోల విరిగిన నీ పన్నుకు గూడ నేను గిట్లనే పెట్టిన. "పన్ను పొడిగుంటెనే అతుకు నిలుస్తది, ఉమ్మి తగలనియ్యకు" అని మొత్తుకుంటుంటె, సడక్ మీద ఎవరో "జై" అన్నరు. నువ్వు నోట్ల దూదితోనే "తెలంగాణ" అని జవాబిస్తివి. వారం తిరగకముందే అతుకు ఊడె. మళ్ళ పెట్టినా గదే కత.

"జవాబియ్యకుంట ఎట్లుంట బిడ్డా? రాష్ట్రమొచ్చినంక సప్పుడు చేయకుంట కూసుంట, అప్పుడు పెట్టు" అన్నవ్.

ఇయ్యాల జులూస్ దగ్గరికి రాంగనే అవ్వ నా దిక్కు చూసింది. ఆమె నోట్లకెల్లి దూది నేనే తీసిన. "అను అవ్వా, పన్ను మళ్ళ ఆరబెడ్త" అన్న. ఆమె గట్టిగ "జై తెలంగాణ" అన్నది. తర్వాత కదలకుంట కూసున్నది. అతుకు మంచిగ పట్టింది.

రాష్ట్రమొచ్చింది బాపూ. నువ్వన్నట్టే సప్పుడు చేస్తలేవ్. అతుకు పెట్టిచ్చుకోనీకె నా దవాఖాన కుర్చీల కూసోను మాత్రం రాలే.