అత్తయ్య బొంత ఆరింది

12 మార్చి 2001, సోమవారం

అత్తయ్య బొంత ఈరోజు నేనే ఉతికాను. పాత చీరలు పొరలు పొరలుగా వేసి కుట్టిన ఆ బరువు మీద ఉంటేగానీ ఆవిడకు నిద్ర పట్టదు.

"కల్లంలో మిరపకాయల పక్కన పరిచెయ్యమ్మాయ్, ఇట్టే ఆరుద్ది," అంది. నేను ఒప్పుకోలేదు. ఆ ఘాటు బొంతకు పట్టిందంటే కప్పుకున్నవాళ్లకు ఒళ్లంతా మంటే! తీగ మీద వేస్తే నీళ్ల బరువుకు కుట్లు తెగుతాయి. అందుకే పిండకుండా, రెండు నులక మంచాలు కలిపి వాటి మీద పరిచి, గంటకోసారి తిరగేశాను.

సాయంత్రం అత్తయ్య అంచులన్నీ తడిమి చూసింది. ఒక్క కుట్టూ ఊడలేదు. మధ్యలో కాస్త చెమ్మ మిగిలిందేమోనని నా దిగులు నాది...

"నీ పాత చీరొకటి ఇవ్వమ్మాయ్, దీనికి ఇంకో పొర వేద్దాం," అంది.

ఇన్నేళ్లూ ఆ బొంతలో ఆవిడ పుట్టింటి చీరలు తప్ప వేరే గుడ్డముక్క చేరలేదు.