నది పక్క పొలం

అన్నా,

మన ఊరు రిజర్వాయర్‌లో మునిగేముందు, పరిహారం సర్వేకు వచ్చినవాళ్లతో, నది పక్క పొలంలో ఉన్న మనల్ని కన్న అవ్వ సమాధి రాయించడం నేనెట్లా మరిచిపోయాను? బావి, బోరు, మామిడి చెట్లు అన్నీ చెప్పాను. సమాధి కూడా రాయిస్తే వేరే చోటికి మార్చేవాళ్లు. చదువుకున్న బిడ్డ చెప్పిందని బాపు ఆ కాగితం మీద వేలిముద్ర వేశాడు. ఇప్పుడు చనిపోయిన పెద్దలకు మొక్కే పెత్రమాసకు ఒడ్డున నిలబడి నీళ్లకే మొక్కుతున్నాడు.

నిన్న నీ మేనకోడలు నవీన కంప్యూటర్‌లో రాజ్యాలు కట్టే ఆట ఆడుతూ నన్ను పిలిచింది.

"అమ్మా, నది పక్క గీ పొలం తీసేస్తే డ్యామ్ కట్టొచ్చు. కార్ఖానాలకు కరెంటు, ఊర్లకు నీళ్లు. తీసెయ్యాల్నా?"

"జర ఆగు బిడ్డా."

"ఆటనే గదమ్మా, గింత పరేషానెందుకు?"

నా మాట కోసం ఆట ఆపి పెట్టింది. సుల్తానాబాద్‌లో నీ వరికి పారేది ఆ రిజర్వాయర్ నీళ్లే. అది తలుచుకుంటే తీసెయ్యమనాలనిపిస్తుంది. అవ్వ గుర్తొస్తే నోరు రావడం లేదు. ఏం చెప్పాలో నాకిప్పటికీ తెలియడం లేదన్నా.

నీ చెల్లె