గుర్రుమనడం మాన్పించిన కాఫీ డబ్బా గురించిన మనవి

హార్లో ఫాల్స్, వెర్మాంట్
మార్చి 21

జంతు నియంత్రణాధికారి శ్రీ ఎల్మర్ స్టాడర్డ్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా కుక్క పికిల్‌పై తమరు రాసిన నివేదికలో ఒక్క వాక్యం సవరించుట గురించి.

మేపుల్ వీధి తొమ్మిదో నంబరు ఇంట్లో ఉండే ఎమ్మెట్ తిబో అను నేను, తత్వశాస్త్రంలో పట్టభద్రుణ్ణి, మిగతా విషయాలన్నింటిలో ఫెయిలైనవాణ్ణి, మనవి చేసుకొనునది ఏమనగా:

1. ఈ నెల 14న పికిల్, మా వీధికి టపా తెచ్చే శ్రీమతి వర్నా పెల్కీ గారి కుడిచేతిని కరిచిన మాట వాస్తవము. తమ నివేదికలో "ఎట్టి హెచ్చరికా లేకుండా కరిచినది" అని ఉన్నది. మంగళవారం విచారణలో దానికి సూది వేసి చంపాలా వద్దా అన్నది ఆ వాక్యం మీదే తేలుతుందని తమ గుమాస్తా చెప్పింది. అయ్యా, హెచ్చరిక ఉండేది. దాన్ని నేను తీసేశాను.

2. తీసిన విధానము: ఖాళీ కాఫీ డబ్బాలో గుప్పెడు మేకులు పోసి మూత బిగించవలెను. కుక్క గుర్రుమన్నప్పుడల్లా దాని చెవి దగ్గర గట్టిగా ఆడించవలెను. పికిల్ టోపీలను చూసి, మంచు తోడే పారలను చూసి, కొత్త మనుషులను చూసి గుర్రుమనేది. ఆరు వారాల్లో మానేసింది. భయపడటం మానలేదు, చెప్పడం మానింది. ఈ తేడా కాలేజీలో ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

3. అంతకుముందు వర్నా గారు గేటు దగ్గర ఆగి, "ఏమంటున్నాడోయ్ మీ దొరగారు?" అని అడిగేవారు. పికిల్ గుర్రుమంటే ఉత్తరాలు గేటు పెట్టెలో పడేసి వెళ్ళిపోయేవారు. అది వాళ్ళిద్దరి ఒడంబడిక. పోయిన ఏడాది వేసవిలో ఒకరోజు,

"ఏంట్రా ఎమ్మెట్, మీవాడికి జబ్బా? నోరు లేవట్లేదు."

"జబ్బు కాదండీ, మర్యాద నేర్పా."

"నీకు లేనిది వాడికెలా నేర్పావురా!"

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వు తమ నివేదికలో లేదు. చేర్చవలెను.

4. 14న ఆవిడ పార్సెలుతో మెట్ల దగ్గర ఆగారు. పికిల్ చెవులు వెనక్కి అంటుకున్నాయి. ఒళ్ళు కర్రలా బిగిసింది. కళ్ళ చుట్టూ తెలుపు కనిపించింది. నేను చూశాను. చూసి కూడా, కుక్కను పెంచే ప్రతివాడూ ఈ ఊళ్ళో అనే మాటే అన్నాను: "ఏం చెయ్యడండీ, రండి!"

ఆవిడ వచ్చారు.

5. ఆసుపత్రిలో ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇరవై రెండేళ్ళుగా తిరుగుతున్నా. ప్రతి కుక్కా ముందు ఓ మాట చెప్పిందిరా. మీవాడొక్కడే చెప్పలేదు," అన్నారు. రెండు వేళ్ళు ఇంకా వంగడం లేదు.

6. పికిల్ పది రోజుల నిర్బంధంలో, తమ షెడ్డులో ఉంది. ఇల్లంతా నిశ్శబ్దం. ఇది కొత్తగా వచ్చింది కాదని, దాదాపు ఏడాదిగా ఉన్నదేనని ఇప్పుడు తెలుస్తున్నది. ఫ్రిజ్ గుర్రుమంటే ఉలిక్కిపడి లేచి, "ఏమైందిరా? ఎవరిని చూసి?" అని అడుగుతున్నాను. అప్పుడు అడగవలసింది.

కావున "హెచ్చరిక లేకుండా" అన్నది కొట్టివేసి, "యజమాని నోరు మూయించినందున హెచ్చరించలేక" అని రాయవలెను. మూతికి బుట్ట, రెండు గొళ్ళేల గేటు, పొట్టి తాడు, నేర్పేవాళ్ళు వచ్చి మొదట నాకు నేర్పడం, అన్నీ ఒప్పుకుంటాను. ప్రమాదకర జంతువుల పట్టీలో ఒక పేరు ఎక్కించి తీరాలంటే నా పేరున్నది. టీకాలన్నీ వేయించుకున్నాను.

ఇంతదాకా చిత్తగించిన తమరు మంగళవారం నాడు కూడా చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయుడు (పికిల్ అంత కాదు),
ఎమ్మెట్ తిబో

తా.క.: సాక్ష్యంగా ఇద్దామని డబ్బాను సంచిలో పెట్టుకుని ఈ మధ్యాహ్నం తమ షెడ్డుకు వచ్చాను. తమ మనిషి చీపురు పట్టుకుని అటు వచ్చాడు. పికిల్ గుర్రుమన్నాడు. సన్నగా, తుప్పుపట్టిన గొంతుతో, ఇన్నాళ్ళకు మొదటిసారి. సంతోషం పట్టలేక దిగ్గున లేచాను. సంచిలో మేకులు గలగలమన్నాయి. వాడు ఠక్కున నోరు మూసుకుని, నా వైపు చూస్తూ తోక ఊపాడు.

డబ్బా జతపరిచాను. మేకులు విడిగా గుడ్డలో చుట్టి పెట్టాను. దయచేసి మళ్ళీ అందులో పోయకండి.